మూడో పిలుపు

ఈ జూన్‌లో బడి తెరిచిన పదకొండో రోజున రేణుక వచ్చి ఏడో తరగతి గుమ్మంలో నిలబడింది. తెరిచిన నాటి నుంచీ ఒక్క రోజూ రాలేదు ఆ పిల్ల. సంచి లేదు, చెప్పుల్లేవు, మోచేతుల దాకా సుద్ద పూసినట్టు తెల్లటి పొడి. ధూల్‌పేట్‌లో వినాయకుడి బొమ్మల షెడ్డులోంచి పని మధ్యలో లేచి వచ్చిందని చూడగానే తెలుస్తోంది.

"ఎవరు తీసుకొచ్చారే?" అన్నాను.

"ఎవ్వలు తీస్కరాలే టీచర్. అవ్వ పిలిచింది. వచ్చిన."

తరగతిలో ఫ్యాను చప్పుడు ఒక్కటే మిగిలింది. అవ్వ పోయి అప్పటికి నెల దాటింది. ఎండాకాలం సెలవుల్లో పోయింది. ఆ తరగతిలో సగం మంది పిల్లలు పాడె వెనక గల్లీ చివరి దాకా నడిచినవాళ్లే, రేణుకతో సహా.

ఏ అవ్వే అని అడగాలి నేను. లేకపోతే పిచ్చి వాగుడు ఆపి కూర్చోమనాలి. ఆ తరగతికి సైన్సు చెప్పేది కూడా నేనే. నా నోట్లోంచి వచ్చిన మాట మాత్రం వేరు.

"ఎన్నిసార్లు పిలిచింది?"

"మూడు సార్లు."

తరగతి మొత్తం ఊపిరి వదిలింది. నేనూ వదిలాను. మూడుసార్లయితే ఫర్వాలేదు. చేతులు కడుక్కొచ్చి కూర్చోమన్నాను. హాజరు పట్టీలో ఆ పిల్ల పేరు ఎదురుగా గుర్తు పెడుతుంటే మాత్రం, ఎవరో నా భుజం మీంచి చూస్తున్నట్టే అనిపించింది.

మాది కృష్ణా జిల్లా. మా ఆయన ఆఫీసు ఉద్యోగం, నా టీచరు ఉద్యోగం రెండూ కలిసొచ్చి ఈ ఊరు చేరాం. జల్‌పల్లిలో వంద గజాల ముక్క కొని గూడు కట్టుకున్నాం. రోజూ రెండు ఆటోలు మారి హుస్సేనీ ఆలం వైపున్న ఈ సర్కారు బడికి వస్తాను. ఒకే ప్రహరీలో అటు ఉర్దూ మీడియం, ఇటు మేము. మధ్యలో ఒకే నల్లా, దాని దగ్గర రోజూ ఒకే లొల్లి. ఇరవై ఒక్క ఏళ్లయింది. ఇన్నేళ్లలో ఈ బస్తీ నాకు నేర్పిన పాఠాల్లో మొదటిది, పిలిచిన వెంటనే పలకకూడదని.

మిట్టమధ్యాహ్నం పూట, మళ్లీ దీపాలు పెట్టే వేళ, గల్లీలోకి ఒకటి వస్తుందట. దాని పేరు ఎవరూ ఎత్తరు. అమ్మ గొంతుతోనో అక్క గొంతుతోనో పేరు పెట్టి పిలుస్తుంది. అయితే దానికి ఒక్కసారి పిలవడమే చేతనవుతుంది. "ఆఁ" అన్నామా, అయిపోయామే. మూడుసార్లు పిలిచేది మనిషి. అందుకని మూడో పిలుపు వినేదాకా నోరు విప్పకూడదు. మా వైపూ ఇలాంటి మాటలు ఉన్నాయి, నవ్వుకుని వదిలేస్తాం. ఇక్కడ మాటలు వచ్చీరాని పిల్లకే దీన్ని నేర్పేస్తారు. గ్యాసు బండ తెచ్చే కుర్రాడు కూడా తలుపు ముందు లెక్కపెట్టి మూడుసార్లు అరుస్తాడు.

అవ్వ ఈ మూడు పిలుపుల మనిషి.

ఆమె అసలు పేరు నాకు తెలీదు. ఎవరికీ తెలిసినట్టు లేదు. ఆ నాలుగు గల్లీల్లో అవ్వ అంటే ఆవిడే. సన్నగా, నిచ్చెనలాగా ఎత్తుగా ఉండేది. ముంజేతుల నిండా పచ్చబొట్లు, అవి కూడా పాతబడి నీలం మరకల్లా అలుక్కుపోయాయి. చేతిలో ఎప్పుడూ ఒక స్టీలు క్యాను. వాళ్లింట్లో ఒకప్పుడు కొట్టం నిండా బర్లు ఉండేవట. బర్లు పోయాయి, కొట్టం పోయింది, కొడుకు వేరే పని వెతుక్కుని ఊరవతలికి పోయాడు. క్యాను మాత్రం ఆవిడతో ఉండిపోయింది. అందులో సల్ల, అదే మజ్జిగ, నింపుకుని తొమ్మిదింటికల్లా మా వరండాలోకి వచ్చేది. పిల్లలకి పోసేది, నాకూ ఒక గ్లాసు పోసేది. ఉప్పు కాస్త ఎక్కువేసేది. ఆ మాట చెప్తే మర్నాడు ఇంకాస్త ఎక్కువేసేది.

వరండాలో స్తంభానికి వీపు ఆనించి, కళ్లు మూసుకుని, నేను హాజరు తీసుకుంటుంటే వినేది. మా బడిలో పిల్లలు ఇప్పటికీ "హాజర్ టీచర్" అనే అంటారు. అందరూ పలకడం అయ్యాక కళ్లు తెరిచి, కిటికీ దగ్గరికి వచ్చి, నాకు మాత్రమే వినబడేట్టు చెప్పేది.

"మూడో వరుస పోరడు పొద్దుగాల ఏం తిన్లే టీచరమ్మా. పలుకు పల్చగున్నది. ఇటు పంపు, ఇన్ని సల్ల పోస్త."

"ఆ కొసకు కూసున్న పోరి ఇయ్యాల మస్తు గట్టిగ పలికింది. రాత్రి ఇంట్ల లొల్లయినట్టున్నది. గట్టిగ పలికేటోళ్లను జర మెల్లగ చూడాలె."

మొదట్లో నాకు ఒళ్లు మండేది. నాడి పట్టకుండానే రోగం చెప్పే ఈ వైద్యురాలు ఎవరండీ అని స్టాఫ్ రూంలో వెక్కిరించాను కూడా. తీరా ఆ పిల్లల్ని పక్కకి పిలిచి అడిగితే ఆవిడ చెప్పింది చెప్పినట్టే ఉండేది. ఒక్కసారి కూడా తప్పలేదు. తర్వాత ఎప్పుడో, పిల్లల మనసులో ఏముందో కనుక్కోమని బళ్లకి ఫారాలొచ్చాయి. నువ్వు సంతోషంగా ఉన్నావా అని అడిగి, నవ్వే మొహానికో ఏడ్చే మొహానికో పిల్లల చేత టిక్కు పెట్టించాలి. మా పిల్లలందరూ నవ్వే మొహానికే పెట్టారు. నీటుగా ఉందని పెట్టారు. అవ్వ ఆ కాగితాన్ని తిరగేసి మరగేసి చూసి, "నవ్వుడు కాదు, పలుకుడు చూడుర్రి" అంది.

ఆవిడ చెప్పేవాటిలో ఒకటే నాకు నచ్చేది కాదు. అప్పుడప్పుడు హాజరు అయ్యాక, "వెనక బల్ల మీద ఇంకొకలు పలికిర్రు, నువ్వు రాస్కోలే" అనేది.

వెనక బల్ల ఖాళీ. రెండు కాళ్లు విరిగి గోడకి ఆనించి ఉన్న బల్ల అది, ఎవరూ కూర్చోరు.

"అక్కడెవరూ లేరు అవ్వా."

"మెల్లగ పలుకుతది. నీకు ఇనవడది తియ్యి."

ఈ మాట అన్నరోజున నేను ఆ గదిలో ఒక్కదాన్నే కూర్చుని కాపీలు దిద్దేదాన్ని కాదు. కాపీల కట్ట ఎత్తుకుని స్టాఫ్ రూంకి నడిచేదాన్ని. ఎవరైనా అడిగితే ఇక్కడ ఫ్యాను బావుంటుందనేదాన్ని.

హాజరు పూర్తయ్యాక రానివాళ్ల పేర్లు చెప్పించుకునేది. రాయడం రాదు కాబట్టి ఒక్కో పేరుకి కొంగు అంచున ఒక్కో ముడి వేసుకునేది. ఇక బయలుదేరేది. ఏ పిల్ల ఏ గల్లీలో, ఏ షెడ్డులో, ఏ పెళ్లింట్లో గిన్నెలు తోముతోందో ఆవిడకి తెలుసు. తెలియకపోతే కిరాణా భాయ్ చెప్తాడు, ఆటోవాళ్లు చెప్తారు. యూనిఫాం చిరిగిందని ఆగిపోయిన పిల్లయితే, బడి ఎదురుగా మిషను కుట్టే ఖాలా దగ్గర ఆపి, కుట్టించి మరీ తెచ్చేది. ఖాలా ఇంత పెద్ద అద్దాలు పెట్టుకుని, పిల్ల ఒంటి మీద బట్ట ఉండగానే కుట్లు వేసేసేది. అవ్వ వెతికేది మా పిల్లల్నే కాదు, ఉర్దూ మీడియం పిల్లల్నీ. వాళ్ల పేర్లని తనకు నోరు తిరిగినట్టు పిలిచేది, వాళ్లు నవ్వుకుంటూ వచ్చేవాళ్లు. వచ్చి పలికాక ఒక ముడి విప్పేది.

ఆగస్టు పదిహేనున మాత్రం మా బడికి రానివాళ్లు ఉండరు, చాక్లెట్లు పంచుతాం కాబట్టి. అలాంటి ఒక రోజున చూశాను, ఆవిడ కొంగుకి ఇంకా ఒక ముడి ఉంది.

"అందరూ వచ్చేశారుగా అవ్వా. అదెవరిది?"

"ఉన్నది ఒకటి. నేను విప్పేది గాదది" అంది.

చీర మారినా ఆ ముడి ఉండేది. ఏ చీర కట్టుకున్నా ముందు అది వేసుకుని కట్టుకునేదనుకుంటా.

కిందటేడు శ్రావణంలో రేణుక ఇలాగే రావడం మానేస్తే, ఆవిడ వెంట నేనూ ధూల్‌పేట్ వెళ్లాను. పెద్ద షెడ్డు. తెల్లటి వినాయకులు వరసలు కట్టి కూర్చున్నారు, ఒక్కరికీ కళ్లు లేవు. కళ్లు చివర్న రాస్తారు. అన్ని మొహాలు ఒకేసారి మన వైపు తిరిగి ఉండి, ఒక్కటీ మనల్ని చూడకపోతే ఎలా ఉంటుందో అక్కడే తెలిసింది నాకు. షెడ్డు యజమాని ఎదురొచ్చి, "ఆ పిల్ల మా దగ్గరికి రానే రాలే అవ్వా, ఒట్టు" అన్నాడు.

అవ్వ ఆయనతో వాదించలేదు. క్యాను కింద పెట్టి పిలిచింది. ఆవిడ పిలుపు అరుపు కాదు. మొదటిది మెల్లగా, ఎవరితోనో గుట్టు చెప్తున్నట్టు. తర్వాత ఒక ఊపిరి పట్టేంత సందు. రెండోది మామూలుగా. మళ్లీ సందు. మూడోది మాత్రం చివర్న పైకి లేచేది, ఉన్నవా బిడ్డా అని అడుగుతున్నట్టు. మొదటి పిలుపుకే షెడ్డులో రంగులు వేస్తున్న చేతులన్నీ ఆగాయి. మూడో పిలుపుకి, కళ్లు లేని ఒక పెద్ద వినాయకుడి వెనకనుంచి సన్నగా "ఆఁ అవ్వా" అని వినపడింది. బొమ్మే పలికిందనుకున్నాను.

తెల్లటి చేతులతో రేణుక బయటికొచ్చింది. అవ్వ యజమాని వైపు తిరిగి, "గిట్ల అబద్ధమాడితే కండ్లు రాసేటప్పుడు చెయ్యి వణుకుతది కొడుకా" అని మాత్రం అంది. ఆయన తల వంచుకున్నాడు. సాయంత్రాలు పంపమని కూడా అడగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు పన్నెండు దాటింది. రేణుక ముందు నడుస్తోంది. ఒక గోడ నీడలో కాసేపు ఆగాం. ఈ తిరుగుడంతా ఎవరు పెట్టారు మీకు అని అడిగాను. అవ్వ క్యాను మూత మీద వేలితో గీస్తూ చెప్పింది.

"ఒక పిల్ల ఉండె టీచరమ్మా. మూడో తరగతి. తల్లి లేదు, అవ్వనే పెంచింది. ఒక్కసారి పిలిస్తె పలుకకు బిడ్డా అని ఆ అవ్వనే నేర్పింది. గప్పుడు బడికి కొత్త టీచర్ వచ్చింది. పుస్తకంల నుంచి తల ఎత్తదు. పేరు ఒక్కసారి అంటది, జెప్పన ఇంకో పేరుకు పోతది. ఈ పిల్ల రెండో పిలుపు, మూడో పిలుపు వస్తయని కూసునేది. రోజు గట్లనే. పిల్ల బల్ల మీద ఉన్నది, పుస్తకంల లేదు."

"అయ్యో. తర్వాత?"

"నెల దినాలు చూసి పేరు కొట్టేసిర్రు. పిల్ల ఇంటికొచ్చి ఏమడిగిందో ఎర్కనా? అవ్వా, నేను కనవడ్తున్ననా అన్నది. పక్కింటోళ్లను గూడ అడిగింది. అద్దం ముందట నిలవడి చూస్కున్నది. నన్ను గిచ్చు అన్నది. ఎంత చెప్పినా ఇగ బడి దిక్కు పోలే. లేనిదాన్ని ఎట్ల పోవాలె అవ్వా అంటది."

నాకు కోపం తన్నుకొచ్చింది. "ఎవరా టీచరు? ఎదురుగా కూర్చున్న పిల్ల కనపడలేదా? కళ్లు పోయాయా ఆవిడకి?" అన్నాను.

అవ్వ నా మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది.

"కొత్తగొచ్చింది పాపం. మన మాట గూడ సమజ్ కాకపోతుండె. పిలువలేదా అంటే పిలిచింది. ఒక్కసారి పిలిచింది, గంతే" అని క్యాను ఎత్తుకుంది. "ఎండైతుంది, నడువు."

నేను ఊరుకోవచ్చు కదా. బడి దాకా ఆ టీచరుని తిడుతూనే నడిచాను.

మేలో అవ్వ పోయిందని ఖాలా ఫోన్ చేసి చెప్పింది. వెళ్లాను. స్నానం చేయించిన ఆడవాళ్లు పాత చీర కొంగు ముడి విప్పబోతే రాలేదట, అలాగే మడిచి పక్కన పెట్టారు. గల్లీ దాటాక పాడె దించారు. ప్రాణం ఉందేమోనన్న ఆఖరి ఆశతో చెవి దగ్గర పిలిచే ఆనవాయితీ ఉంది కదా, కొడుకు వంగి "అమ్మా" అని మూడుసార్లు పిలిచాడు. పెద్దవాళ్లంతా పక్కకి చూశారు. పిల్లలు మాత్రం ఆవిడ పెదాల వైపే చూస్తూ నిలబడ్డారు. పాడె మళ్లీ లేచాక రేణుక నా చీర పట్టుకుని, "మూడు సార్లు పిలిచిండు గద టీచర్. మరి ఎందుకు పలుకలే?" అంది.

అదే రేణుక జూన్‌లో అలా వచ్చి నిలబడింది. రెండు రోజులకి ఐదో తరగతి పిల్లలిద్దరు వచ్చారు. ఆ తర్వాత ఉర్దూ మీడియంలో ఒకడు. అందరిదీ ఒకే మాట, అవ్వ పిలిచింది. మనిషిని చూశారా అంటే లేదు. తలుపు తీసేసరికి గల్లీలో ఎవరూ ఉండరు. ఖాలా పనే అనుకున్నాను. మనసున్న మనిషి, గొంతు మార్చి పిలుస్తోందేమోలే అని, థ్యాంక్స్ చెప్దామని వెళ్లాను. ఖాలా మిషను ఆపేసింది.

"నై మా, మైఁ నై. మైఁ తో సమ్జీ ఆపీచ్ బులారై" అంది. తాను కాదట. పిలుస్తున్నది నేనే అనుకుందట.

ఆవిడ కిరాణా భాయ్‌ని కేకేసి అడిగింది. ఆయన ఖాలా అనుకున్నాడట.

పిలుపు రాని ఇల్లు ఒకటే ఉంది, అదీ అవ్వ సొంత ఇల్లు. అవ్వ మనవరాలి కూతురు సిరి మా దగ్గర నాలుగో తరగతి. రోజూ అవ్వ చెయ్యి పట్టుకుని వచ్చేది. బడి తెరిచాక ఆ పిల్ల మొహం మేం చూడలేదు. ఫోన్ చేస్తే ఎత్తరు. మిగిలిన పిల్లలందర్నీ పిలిచిన గొంతు తన ఇంటి ముందు ఎందుకు ఆగలేదో నాకు అర్థం కాలేదు.

పెద్దసార్ శుక్రవారం నన్ను పిలిచి, "రేపు డ్రాపౌట్ల లిస్టు పంపాలె మేడమ్. సిరి పేరు రాయమంటరా?" అన్నారు. ఆ లిస్టులోకి ఎక్కడం తేలిక. దిగాలంటే సవాలక్ష కాగితాలు, తల్లి సంతకాలు. ఆ తల్లి ఏనాడూ మా గేటు దాకా రాలేదు. సిరిని చేర్పించినప్పుడు కూడా అవ్వే వచ్చి వేలిముద్ర వేసింది. ఒక్క పూట ఆగండి సార్ అన్నాను.

ఆ ఉదయమే టీవీ తెర మీద చెప్పే పాఠాలకి గది ఖాళీ చేస్తూ అటెండరు పాత బీరువా బయటికి లాగాడు. పాత హాజరు పట్టీలన్నీ వరండాలో కుప్ప. "అవ్వ ఏటేటా అడిగేది మేడమ్, పాత పుస్తకాలు పారేయలేదు గదా అని. ఆమెకేం అక్కరనో" అన్నాడు. అక్షరం ముక్క రాని మనిషికి పాత పట్టీలతో ఏం పని? ఆ కుప్ప ముందు గొంతుక్కూర్చున్నాను. పైది కాదు, కిందది కాదు, నేను కొత్తగా వచ్చిన ఏటి పట్టీనే చేతికొచ్చింది. మూడో తరగతి.

భాగ్య. ఆ పేరు ఎదురుగా నెల గడులన్నీ ఎర్రగా ఉన్నాయి. గడి గడికీ 'గై', గైర్హాజరుకి గుర్తు. ఐత్వం తోక పక్క గడిలోకి పాకుతోంది. ఆ తోక నాది. ఇప్పటికీ బోర్డు మీద రాస్తే పిల్లలు నవ్వుతారు. నెల చివర్న పేరు మీద ఎర్ర గీత. స్కేలు పెట్టి గీశాను, నీటుగా ఉండాలని. అదే కట్టలో ఉన్న అడ్మిషన్ పుస్తకం తీశాను. సంరక్షకులు అన్న చోట నా అక్షరాలే: 'అవ్వ. పాల వ్యాపారం'. పేరు కూడా అడగలేదు నేను.

సిరి తల్లి పేరు భాగ్య.

గోడ నీడలో ఆవిడ నన్ను అంతసేపు ఎందుకు చూసిందో అప్పుడు తెలిసింది. ఇరవై ఒక్క ఏళ్లు నా వరండాలో నిలబడి, నా గొంతు వింటూ, నాకు గ్లాసులో సల్ల పోసింది. ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నాకు ఇంత సిగ్గుగా ఉండేది కాదు. వెనక బల్ల మీద మెల్లగా పలికేది ఎవరో, నాకు వినపడనిది ఎవరి పలుకో కూడా తెలిసింది.

మధ్యాహ్నం భోజనం గంట కొట్టగానే వెళ్లాను. ఎండకి గల్లీలో కుక్క కూడా లేదు. తలుపులన్నీ మూసి ఉన్నాయి. అవ్వ ఇంటి ముందు రాతి గడప మీద స్టీలు క్యాను బోర్లించి ఉంది. సిరి పేరు పిలుద్దామనే వచ్చాను. కానీ నేను బాకీపడ్డ పిలుపు సిరిది కాదు.

"భాగ్యా" అన్నాను.

లోపల చప్పుడు లేదు. ఊపిరి పట్టేంతసేపు ఆగాను.

"భాగ్యా."

ఇక మూడోది. నోరు తెరిచాను, గొంతు రాలేదు. ఆ పేరు పిలిస్తే ఆ మనిషి వచ్చి నిలబడుతుంది, ఆ మొహం నేను చూడాలి. నాకు ఏడుపొచ్చింది. పారిపోదామనుకున్నాను, సిగ్గు విడిచి చెప్తున్నాను. పెద్దసార్‌కి ఫోన్ చేసి, రాసేయండి సార్ అందామనుకున్నాను.

అప్పుడు నా వెనకనుంచి, నాలుగడుగుల దూరంలో, చివర్న పైకి లేస్తూ వినపడింది.

"భాగ్యా."

గిరుక్కున తిరిగాను. ఎండ, మూసిన తలుపులు, గోడ బారున ఆరబెట్టిన బట్టలు. ఇంకేమీ లేదు. ఇటు తలుపు గడియ తీసిన చప్పుడైంది.

ముప్పై ఏళ్ల మనిషి. చేతులకి పిండి. అవ్వ ఎత్తే వచ్చింది. ఆవిడ వెనక తలుపుకి అడ్డంగా కట్టిన తెర, అవ్వ పాత చీర. కొంగు చివర ఆ ముడి అలాగే ఉంది.

"భాగ్యా, నేను..." అని మొదలుపెట్టాను. "అప్పుడు నీ పేరు కొట్టేసింది..."

"ఎర్కే టీచర్" అంది. "అవ్వ చెప్పింది. ఆమెను ఏమనకు బిడ్డా, నేర్పింది నేను, తప్పు నాది గూడ ఉన్నదనేది. మస్తు సార్లు చెప్పింది." నా వైపు చూడకుండా అంది: "అందరి పోరలను అవ్వ పిలిచిందంటున్నరు. మా ఇంటికి రాలే. ఎందుకు రాలే, ఇది ఆమె ఇల్లే గద అని ఏడ్చిన. తర్వాత సమజైంది. ఈ ఇంటికి రావాల్సింది ఆమె గాదు. మీరు పిలుస్తరా లేదా అని చూసిన టీచర్. పిలువకపోతే సిరిని గూడ పంపొద్దనుకున్న."

"తప్పయిపోయిందమ్మా" అన్నాను. ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత ఇంతకన్నా మంచి మాట ఏదైనా ఉంటుందేమో, నాకు దొరకలేదు.

మాట్లాడుతున్నంతసేపూ భాగ్య చేతులు ఆ కొంగు ముడిని గోళ్లతో లాగుతూనే ఉన్నాయి. అది ఊడింది. ఊడిన అంచుని పిండి చేతులతోనే సాపు చేసింది.

"ఎన్నిసార్లు పిలిచాను భాగ్యా?" అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"మూడు సార్లు. లెక్కవెట్టుకునే లేసిన" అంది. "మూడోది అచ్చం అవ్వ లెక్కనే పిలిచిర్రు. ఎప్పుడు నేర్చిర్రు?"

"రోజూ వినేదాన్నిగా" అన్నాను.

సిరి అప్పటికే సంచి తగిలించుకుని తెర పక్కన నిలబడి ఉంది. భాగ్య దాని మొహం తుడిచి, "టీచర్ చెయ్యి ఇడువకు" అని నాకు అప్పగించింది. ఇద్దరం నడిచాం. గల్లీ మలుపు తిరిగేదాకా నేను వెనక్కి చూడలేదు. మలుపు తిరిగాక సిరి నా చెయ్యి లాగింది.

"మీరు రెండే సార్లు పిలిచిర్రు టీచర్. నేను కిటికీల కెల్లి చూసిన."

నేను ఆగిపోయాను. ఆ పిల్ల మొహంలో భయం లేదు.

"అమ్మకి చెప్పకే" అన్నాను.

"చెప్ప" అంది.